కెస్ట్రెల్ కనుమ మీద చెప్పని మాట

మా కంపెనీకి ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంగా పోయిన ఏడాది ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. నున్నటి కాగితం, మంచుకొండల ఫొటోలు, నూట పన్నెండు పేజీలు. ఆఫీసులో అందరికీ తలా ఒకటి పంచారు. నేను ఇంటికి తీసుకెళ్ళి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండుసార్లు వెతికాను. కోదండరామ్ పేరు ఒక్కచోట కూడా లేదు. కాఫీ మెషీన్ సప్లై చేసేవాళ్ళకి మాత్రం చివర్లో కృతజ్ఞతలు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది నా భాషలో నేను రాస్తున్నాను. ఇందులో కోదండరామ్ పేరూ ఉంటుంది, నేను చేసిన తప్పూ ఉంటుంది.

నా పేరు పద్మిని. ఎడ్మంటన్‌లో ఉన్న కెస్ట్రెల్ ఫ్రైట్ అనే గూడ్సు రైళ్ళ కంపెనీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ బండికి ఎవరి వంతో లిస్టులో చూసి, ఆ మనుషులకి ఫోన్ చేసి డ్యూటీకి పిలవడం నా పని. చెప్పుకోవడానికి చాలా చిన్న ఉద్యోగం. కానీ నేను పిలిస్తేనే మనుషులు కొండెక్కుతారు. ఈ సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

కంపెనీ పెట్టినాయన పేరు ఊర్స్. స్విట్జర్లాండ్ మనిషి. ఆల్ప్స్ కొండలు దాటించి సరుకు తోలే రైళ్ళలో ఆయనా, ఆయన తండ్రీ పనిచేశారు. తర్వాత ఇక్కడికి వచ్చి, ఒక ధాన్యం వ్యాపారిని భాగస్వామిగా కలుపుకుని, కెస్ట్రెల్ కనుమ మీదుగా రాకీ పర్వతాలు దాటే పాత లైను కొన్నాడు. పెద్ద కంపెనీ వాళ్ళు ఇది మాకు గిట్టదని వదిలేసిన లైను అది. రెండు పాత ఇంజన్లతో మొదలైంది. మూడో ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, బార్లీ గింజలతో దిగుతున్న బండికి బ్రేకులు పట్టలేదు. బండి పట్టాలు తప్పి ఇద్దరు పోయారు. తర్వాత విచారణలో ఒక్క సంగతి తేలింది. బ్రేకుల మీద ఇద్దరికీ అనుమానం ఉంది. ఒకడు తన డైరీలో రాసుకున్నాడు, ఇంకొకడు ముందురోజు భార్యతో అన్నాడు. ఒకడితో ఒకడు మాత్రం అనుకోలేదు.

ఊర్స్ వారం రోజులు ఆఫీసుకి రాలేదట. వచ్చిన రోజున ఒక నియమం పెట్టాడు. కనుమ మీద, దిగుడు మొదలయ్యే ముందు, ప్రతి బండీ ఆగాలి. డ్రైవరూ, కండక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఈ దిగుడులో జరగగలిగే అన్నిటికన్నా పెద్ద చెడు ఏమిటో పైకి చెప్పాలి. అది ఇంజన్లో రికార్డవ్వాలి. ఇద్దరూ చెప్పాకే బ్రేకు వదలాలి. మా వాళ్ళు దీన్ని 'వర్స్ట్ చెప్పడం' అంటారు. ఊర్స్ పోయి ఎనిమిదేళ్ళయింది, నియమం మాత్రం ఉంది.

ఈ కంపెనీలోకి కోదండరామ్ వచ్చాడు.

అనకాపల్లి దగ్గర కశింకోట వాళ్ళది. ముందు మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. భార్య కమలకుమారికి ఎడ్మంటన్లో ఫార్మసీ ఉద్యోగం దొరికితే, కూతురు తేజశ్రీని తీసుకుని ఇటొచ్చేశారు. నలభై ఏళ్ళ వయసులో ట్రైనింగ్ తీసుకుని మా దగ్గర కండక్టరుగా చేరాడు. గూడ్సు బండికి కండక్టరంటే టికెట్లు కొట్టేవాడు కాదు. బండి పొడవునా నడిచి వ్యాగన్లు చూసుకునేవాడు, బ్రేకులు బిగించేవాడు. ఊళ్ళో చుట్టాలు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా 'మాకో ఫ్రీ టికెట్ పంపరాదా' అని ఏడిపించేవాళ్ళట.

మనిషి నెమ్మది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్క విషయంలోనే అందరూ నవ్వేవాళ్ళు. కనుమ మీద వర్స్ట్ చెప్పమంటే కోదండరామ్ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వాతావరణం దాటి మాట్లాడలేదు. 'చలిగా ఉంది', 'గాలి ఎక్కువగా ఉంది', అంతే. ఎక్కువగా ఆయనతో జతపడే డ్రైవరు డెన్నిస్, అరవైకి దగ్గర పడ్డవాడు, ఆయనకి వెదర్ రిపోర్టు రామ్ అని పేరు పెట్టాడు. ఆఫీసులో అందరం అలాగే పిలిచేవాళ్ళం. నేను కూడా నవ్వాను.

నవ్వకుండా ఉండాల్సింది. కారణం నాకు తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్ళప్పుడు, దీపాలు పెట్టే వేళ, నాన్న పండగ బట్టలు తేలేదన్న కోపంతో కోదండరామ్ వీధి గుమ్మంలో నిలబడి 'నాన్న ఇంక రాడులే' అన్నాడట. నాన్న లారీ డ్రైవరు. ఆ మర్నాడు పొద్దున్న లారీ బోల్తా పడ్డ కబురు వచ్చింది. వాళ్ళమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి మాత్రం సంధ్యవేళ కొడుకు నోరు తెరిస్తే చాలు, అరచెయ్యి అడ్డం పెట్టేది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఏదంటే అదే జరుగుతుంది అనేది. మన ఇళ్ళలో అందరం విన్న మాటే. మనకి అది మాట. కోదండరామ్‌కి అది ఋజువైన సంగతి.

మూడేళ్ళ కిందటి జనవరిలో, ఒక మంగళవారం ఉదయం ఆరింటికి నేను ఆయనకి ఫోన్ చేశాను. బయట మైనస్ ముప్పై నాలుగు. కొండ కింద యార్డుకి కంపెనీ వ్యాను బయల్దేరడానికి గంట టైముంది.

"కోదండరామ్ గారూ, మీకు బండి ఉందండీ. ఎనభై ఎనిమిది వ్యాగన్లు. డెన్నిస్‌తో."

"పద్మిని గారూ, ఈ చలికి బ్రేకులు పట్టుకుపోతాయండి. నిన్న వచ్చిన వ్యాగన్లు కొన్ని అలాగే ఉన్నాయని విన్నాను. నాకెందుకో ఇవాళ భయంగా ఉంది. ఏమైనా..."

నేను పూర్తి చేయనివ్వలేదు. "అయ్యో, అపశకునం మాటలు మాట్లాడకండి. శుభమా అని బయల్దేరుతూ అవేం మాటలు? హాయిగా వెళ్ళి రండి."

"అంతేలెండి," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదు. నోట్లోంచి ఎలా వచ్చిందో అలా వచ్చింది. మా అమ్మా అలాగే అనేది, మా అమ్మమ్మా అలాగే అనేది. ఊర్స్ ఇద్దరు మనుషుల్ని పోగొట్టుకుని నేర్చుకున్నదాన్ని నేను ఒక్క వాక్యంతో మూసిపెట్టాను.

బండి కనుమ మీదికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. కోదండరామ్ దిగి, కంపెనీ పద్ధతి ప్రకారం ముందున్న ముప్పై వ్యాగన్ల పక్కన నడిచి చూశాడు. బ్రేకు వేసి ఉంది కాబట్టి ప్రతి చక్రానికీ బ్రేకు దిమ్మ ఆనుకుని ఉండాలి. తొమ్మిది వ్యాగన్లకి ఆనలేదు. కింద కడ్డీల మధ్య మంచు గడ్డకట్టి బిగిసిపోయింది. బూటుతో తన్నాడు. కదల్లేదు. చూడని యాభై ఎనిమిదిలో ఎన్ని ఇలా ఉన్నాయో అనుకుంటూ వెనక్కి నడిచాడట.

తిరిగి ఇంజన్లోకి ఎక్కాడు. సూర్యుడు శిఖరం వెనక్కి దిగుతున్నాడు. మంచంతా ఎర్రగా ఉంది. సరిగ్గా దీపాలు పెట్టే వేళ.

"చెప్పు రామ్, ఇవాళ వెదర్ ఏంటి?" అన్నాడు డెన్నిస్ నవ్వుతూ.

నోటిదాకా వచ్చిందట. తొమ్మిది వ్యాగన్లకి బ్రేకు లేదు, ఈ బండి పోవచ్చు. నాలుగు ముక్కలు. వాళ్ళమ్మ చెయ్యి పెదాల మీద ఆనినట్టే అయిందట. పొద్దున్న నేనన్నది కూడా గుర్తొచ్చిందట. చెబితే జరుగుతుంది, చెప్పకపోతే జరక్కపోవచ్చు అనుకున్నాడు.

"చలి. అంతే," అన్నాడు.

నేను ఆ రికార్డు విచారణలో విన్నాను. 'అంతే' అన్న తర్వాత ఆయన ఊపిరి వినిపిస్తుంది, చాలాసేపు.

దిగుడులో గంటకి పదిహేను మైళ్ళు మించకూడదు. డెన్నిస్ బ్రేకు వేశాడు. పదిహేను. కాసేపటికి పదిహేడు. ఇంకొంచెం వేశాడు. పంతొమ్మిది. డెన్నిస్ నవ్వడం మానేశాడు. ఇరవై రెండు దాటగానే ఎమర్జెన్సీ బ్రేకు లాగాడు. బండి మైలు దూరం కీచుమంటూ జారి, అయిదో మలుపు దగ్గర ఆగింది.

ఆగింది కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఆ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. అంత చలిలో గొట్టాల సందుల్లోంచి గాలి కారిపోతూ ఉంటుంది. కారిపోయేలోగా కండక్టరు దిగి, వ్యాగన్ వ్యాగన్‌కీ ఉన్న చేతి బ్రేకు చక్రం తిప్పి బిగించాలి. ఆ దిగుడులో నలభై వ్యాగన్లకి బిగిస్తే బండి నిలబడుతుందని మా లెక్క. అయిదో మలుపుకి సరిగ్గా కింద, వంతెన పక్కన, ఆటర్ ఫ్లాట్స్ అనే ఊరు. నలభై ఇళ్ళు. అప్పుడే పిల్లలు బస్సు దిగి ఇళ్ళకి వచ్చి ఉంటారు.

కోదండరామ్ దిగాడు. మోకాళ్ళ లోతు మంచులో ఇంజన్ దగ్గర్నుంచి పైకి మొదలుపెట్టాడు. వ్యాగన్ ఎక్కడం, చక్రం తిప్పడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మా ఆఫీసులో రేడియో నా బల్లకి పక్కనే. బండ్లు నడిపించే డిస్పాచరూ నేనూ వింటూ కూర్చున్నాం. 'ఆరు.' 'ఏడు.' ఒక్కో అంకె చెప్తున్నాడు. వెచ్చటి గదిలో కూర్చున్నదాన్ని, నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. భయం. వేరే పేరు పెట్టను.

పన్నెండో వ్యాగన్ దగ్గర ఆయనకి అనుమానం వచ్చింది. చక్రం బిగిసింది, గొలుసు బిగిసింది, మరి కింద దిమ్మ ఆనిందా? చీకటి పడిపోతోంది, సరిగా కనబడట్లేదు. కుడిచేతి గ్లవుజు తీసి, చక్రానికీ దిమ్మకీ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు దూరాయి. చేతికి బిగిసినట్టే ఉంది గానీ పట్టు లేదు. వెనక్కొచ్చి పదకొండోది చూశాడు. వేళ్ళు దూరాయి. అక్కణ్ణుంచి బిగించిన ప్రతిదాన్నీ వట్టి వేళ్ళతో తడిమి చూడ్డం మొదలుపెట్టాడు. మైనస్ ముప్పై నాలుగులో ఇనుము మీద వట్టి వేళ్ళు.

'ఇరవై ఏడు,' అన్నాడు రేడియోలో. తర్వాత ఆగిపోయాడు.

"రామ్, వింటున్నావా?" డెన్నిస్ గొంతు. "ఇంకో పదమూడు. తర్వాత ఇంజన్లోకి వచ్చెయ్, హీటర్ వేసి ఉంచాను. కింద నుంచి ఇంకో జట్టు వస్తోంది."

డిస్పాచర్ నా వైపు చూశాడు. వ్యాగన్ల కింద ఎక్కడో గాలి బుస్సుమని కారుతున్న శబ్దం రేడియోలో మాకు కూడా వినబడింది. ఆ బండి పక్కన నిలబడ్డ మనిషికి ఎలా వినబడి ఉంటుందో.

అప్పుడు చెప్పాడు. ఇంగ్లీషులో, అందరూ వినే రేడియోలో, ఒక్కో మాటా విడివిడిగా. "డెన్నిస్, దిగు. ఇంజన్లోంచి దిగెయ్. ఈ బండి పోతుంది. నేను బిగించిన ఇరవై ఏడులో పదకొండు ఉత్తివి. నలభై బిగించినా ఇది ఆగదు. పైనే చూశాను, నీకు చెప్పలేదు. కింద ఊరు ఖాళీ చేయించండి. బండి పోతుంది."

డిస్పాచర్ అప్పటికే పోలీసులకి ఫోన్ కలిపాడు. డెన్నిస్ ఇంకో మాట అడగలేదు, అలాగే దూకేశాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ పొద్దున్న మూసుకోవాల్సింది.

కోదండరామ్ ఆగలేదు. ఇంకో ఏడు బిగించాడు. ముప్పై నాలుగోది తిప్పుతుండగా కాళ్ళ కింద వ్యాగన్ చిన్నగా కదిలింది. మొదట తనే తూలాననుకున్నాడట. తర్వాత చెట్లు వెనక్కి జరగడం చూసి, పక్కనున్న మంచులోకి దూకాడు. ఆయన చెప్పిన క్షణానికీ, బండి కదిలిన క్షణానికీ మధ్య పదకొండు నిమిషాలు.

మిగతా వ్యాగన్లన్నీ ఆయన పక్కనుంచే వెళ్ళాయి. ఒక్కోటి ముందుదానికన్నా వేగంగా. బ్రేకులు పట్టిన చక్రాల నుంచి నిప్పురవ్వలు. చివరి వ్యాగన్ దాటిపోయాక ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయమేసిందని చెప్పాడు. తొమ్మిది నిమిషాల తర్వాత కింద వంతెన దగ్గర శబ్దం. యాభై పైచిలుకు వ్యాగన్లు నదిలో. మూడు ఇళ్ళు నేలమట్టం. మూడింటిలోనూ మనుషులు లేరు. ఊరంతా గుట్ట మీద చర్చిలో ఉన్నారు.

ఇంజన్ నుజ్జయింది. డెన్నిస్ కూర్చునే సీటు ఎవరికీ దొరకలేదు.

కోదండరామ్ కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. ఆస్పత్రికి నేను వెళ్ళేసరికి కమలకుమారి మంచం పక్కన కూర్చుని ఉంది. తేజశ్రీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల.

"నోరు జారారక్కా ఈయన," అంది కమలకుమారి నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "సంధ్యవేళ బండి పోతుంది, పోతుంది అని రెండుసార్లు అన్నారంట. అన్నట్టే అయిపోయింది. అప్పుడు మావయ్య గారికీ ఇలాగే..."

"మామ్, స్టాప్ ఇట్," అంది తేజశ్రీ. "హీ సెడ్ ఇట్. నాన్న చెప్పబట్టే కదా డెన్నిస్ దిగాడు."

కోదండరామ్ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. "రెండూ నిజమేనేమో," అన్నాడు. "నాకు తెలీదు కమలా. నాకు ఇప్పుడు మాట్లాడినా భయమే, మాట్లాడకపోయినా భయమే."

అప్పుడు నేను ఆ పొద్దున్న ఫోన్ సంగతి కమలకుమారితో చెప్పాను. ఏమైనా అంటుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నేనైనా అదే అందును అక్కా," అంది.

విచారణలో తప్పు వాతావరణానిదనీ, కొంత కండక్టరుదనీ తేల్చారు. రెండు నెలలు సస్పెండ్ చేశారు. డెన్నిస్ రిటైరయ్యాడు. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింటికి పళ్ళబుట్ట పంపుతాడు. కంపెనీ పుస్తకంలో తొంభై ఒకటో పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: మా భద్రతా సంప్రదాయం వల్ల ఆ ప్రమాదంలో ప్రాణనష్టం జరగలేదు. సంప్రదాయానికి వేళ్ళుండవు కాబట్టి పోలేదు, అంతే.

కోదండరామ్ మళ్ళీ లిస్టులోకి వచ్చాడు. ఎందుకొచ్చారని అడిగాను. తేజశ్రీ యూనివర్సిటీ ఫీజులు కట్టాలి అన్నాడు. కనుమ మీద ఇప్పుడు ఆయన చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పరు. ఏ వ్యాగన్, ఏ చక్రం, ఏ మలుపు, అన్నీ. చెప్తున్నంతసేపూ గొంతు వణుకుతుందని కొత్త డ్రైవరు నాతో అన్నాడు. ఎవరూ నవ్వరు.

నా పద్ధతి కూడా మారింది. ఎవరికి ఫోన్ చేసినా, బండి వివరాలు చెప్పాక, "మీకేం భయంగా ఉందో చెప్పండి," అని అడిగి ఆగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. నేను ఆగుతాను.

మొన్న డిసెంబరులో, మైనస్ ముప్పై ఒకటి ఉన్న రోజు, సాయంత్రం నాలుగూ నలభైకి కోదండరామ్‌కి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్న బండి. తొంభై రెండు వ్యాగన్లు.

"చెప్పండి," అన్నాను.

చెప్పాడు. చలి, బండి పొడవు, మూడో మలుపు దగ్గర కొత్తగా వేసిన పట్టా. "అంతేనండి," అన్నాడు.

ఆ 'అంతే' నాకు తెలుసు. తర్వాత వచ్చే ఊపిరి కూడా తెలుసు. ఏమని అడగాలో తోచక ఫోన్ పట్టుకుని ఆగాను. అవతల ఫోన్ చేతులు మారిన శబ్దం.

"పద్మినక్కా, నేను కమలని." గొంతు గుసగుసగా ఉంది. "ఇప్పుడే దీపం పెట్టి వచ్చాను. ఈ వేళప్పుడు ఇలాంటి మాట నా జన్మలో అనలేదు. అంటున్నాను, రాసుకోండి. ఈయన కుడిచేతికి పట్టు లేదు. ఉన్న మూడు వేళ్ళూ చలికి కొయ్యబారిపోతున్నాయి. పోయినసారి బ్రేకు చక్రం రెండుసార్లు జారిపోయిందంట, ఎడం చేత్తో బిగించారంట. మీకు చెప్పలేదు, పిల్ల ఫీజులని. మళ్ళీ అలాంటి రోజొస్తే ఈయన బిగించలేరక్కా. బండి పోతుంది. ఈయనా పోతారు."

వెనక కోదండరామ్ "కమలా" అన్నాడు ఒక్కసారి. కానీ ఆపలేదు.

నేను ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. కొండ లిస్టులో కోదండరామ్ పేరు కొట్టేసి, యార్డు పని లిస్టులో వేశాను. జీతం కొంచెం తగ్గుతుందని చెప్పాను. "తగ్గనీండి," అంది కమలకుమారి, ఏడుస్తూ.

తర్వాత లిస్టులో కింది పేరుకి ఫోన్ చేశాను. ఆ మనిషి ఫోనెత్తగానే, బండి సంగతి కూడా చెప్పకుండా, ముందు భయం సంగతే అడిగాను.